బుధవారం ఒంటిపూట

మా ఇంట్లో ఎవరైనా గొప్పలు చెబితే "ఇది రోసా నిమ్మకాయ" అంటాం. ఎడ్మంటన్‌లో మేం మొదట అద్దెకున్న ఇంటావిడ పేరు రోసా. ఇటలీలో, సముద్రం పక్కన, తన ఊళ్ళో నిమ్మకాయలు పసిపిల్ల తలకాయంత ఉంటాయని రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించేది. మేం మెట్లెక్కి పైకొచ్చి తలుపేసుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ తరవాత మా అమ్మాయి పుట్టింది, మాటలు నేర్చింది, వాళ్ళ నాన్న ఏ కోతలు కోసినా "దట్స్ ఎ రోసా నిమ్మకాయ్, డాడీ" అనడం నేర్చింది. రోసా ఎవరో దానికి తెలియదు. రోసా అబద్ధాలకోరు అన్నది మాత్రం మా ఇంట్లో స్థిరపడిపోయిన సంగతి. స్థిరపరిచింది నేనే.

పోయిన నెల మా ఎడ్మంటన్ తెలుగు సీనియర్లం పద్నాలుగు మందిమి ఇటలీ వెళ్ళాం. అందరం ఉద్యోగాలు వదిలేసినవాళ్ళమే. మందుల డబ్బాలు, మోకాళ్ళ పట్టీలు, ఆరు రకాల కారప్పొడులు, రెండు సీసాల గోంగూర పచ్చడి మాతోపాటు సముద్రాలు దాటాయి. మా అమ్మాయి మిల్టన్ నుంచి ఫోన్ చేసి "అమ్మా, అక్కడి ఫుడ్ ఈజ్ ద హోల్ పాయింట్" అంది. మనకి పాయింట్లు అక్కర్లేదు, పెరుగన్నం దొరికితే చాలు అన్నాను. ప్రోగ్రాం కాగితంలో బుధవారం ఎదురుగా "తీరం, పడవ, భోజనం" అని మూడు ముక్కలున్నాయి. ఆ మూడు ముక్కల్లో నా కొంప మునుగుతుందని ఎవరనుకున్నారు?

నేపుల్స్ దాటాక రోడ్డు కొండ అంచున పోతుంది. ఒక పక్క రాయి, ఒక పక్క గాలి, కింద నీలం. ఎదురుగా బస్సొస్తే మా బస్సు వెనక్కి జరగాలి, అద్దం అద్దాన్ని రాసుకుంటుంది. వెనకసీట్లో రామిరెడ్డి గారు, అంటే పైపులైన్ల ఇంజినీరుగా రిటైరైన నల్గొండ మనిషి, "ఈ డ్రైవర్ని మా ఊరి ఘాట్ రోడ్డు మీద వదిలితే కండ్లు మూసుకొని నడుపుతడు" అంటే, వాళ్ళావిడ పద్మ "మీ ఊర్లో ఘాట్ రోడ్డు ఎక్కడుందండీ" అని గాలి తీసేసింది. కొండవాలంతా మెట్లు మెట్లుగా తోటలు, వాటి మీద నల్లటి వలలు. గైడు అవన్నీ నిమ్మతోటలే అన్నాడు. పువ్వు వాసనో ఆకు వాసనో, కిటికీ సందులోంచి వస్తోంది.

పడవెక్కి తీరం వెంట గంటసేపు తిరిగి ఒక చిన్న ఊళ్ళో దిగాం. రేవు నుంచి మెట్లెక్కుతుంటే ఒక కొట్టు ముందు బుట్టల్లో పేర్చి ఉన్నాయి. నేను ఆగిపోయాను. మా అమ్మాయి పుట్టినప్పుడు దాని తల ఎంతుందో ఒక్కొక్కటీ అంతుంది. మన దబ్బకాయకి అక్క అనొచ్చు, గుంటలు గుంటలుగా, పసుపుపచ్చగా, ఆకుతో సహా. రెండు చేతులతో ఒకటి ఎత్తాను. ఎత్తి, నా అరచేతుల మధ్య ఎడం చూసుకున్నాను. రోసా చూపించిన ఎడం సరిగ్గా అంతే. "ఏమండీ, చూశారా" అన్నాను. మా ఆయన చూశారు. వెంటనే సముద్రం వైపు తిరిగి "ఊఁ, పెద్దవే" అన్నారు. యూనివర్సిటీలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి రెండు మాటలతో సరిపెట్టారంటే ఏదో దాస్తున్నారని అప్పుడే అనుమానపడాల్సింది. నేను మాత్రం చేతిలో కాయతో నిలబడి, ఆవిడ నిజమే చెప్పింది, నిజమే చెప్పింది అనుకుంటూ ఉండిపోయాను. అయితే ఇంకేం నిజాలు చెప్పింది?

ఆ ఇల్లు ఎడ్మంటన్‌లో ఇటలీవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో ఉండేది. కింద రోసా, పైన మేం. ఆవిడకి అప్పటికే భర్త పోయాడు, ఎప్పుడూ నల్లగౌనులో ఉండేది. పెళ్ళయి నేను వచ్చిన ఆరు నెలలకి మా అత్తయ్యగారు వచ్చారు. ఆవిడకి కూడా భర్త లేరు, ఒక్కడే కొడుకు. ఒక ట్రంకుపెట్టెలో రాగిచెంబు, మడికి పట్టుబట్ట, ఇంగువ డబ్బా, సాలగ్రామం తెచ్చుకున్నారు. వచ్చిన మర్నాటి నుంచి ఆ పై వాటాలో మడి మొదలైంది. నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని, రోజంతా జనం రక్తాలతో సహవాసం. బయట మైనస్ ముప్పై ఉన్నా సరే, ఇంటికి రాగానే తలస్నానం చేస్తే తప్ప వంటింట్లో అడుగు పెట్టేదాన్ని కాదు. స్నానాల గది తలుపు తీసేసరికి ఆవిడ ఎదురుగా నిలబడి ఉండేవారు. కాపలా కాస్తున్నారనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళ పిల్లని, తడిజుట్టుతో, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఇంకేమనుకుంటాను?

ఆ మడి కోసం నేను వదులుకున్నవి ఇన్నీ అన్నీ కావు. ఎడ్మంటన్‌లో నా మొదటి పుట్టినరోజుకి ల్యాబులో అమ్మాయిలు కేకు చేసి తెచ్చారు. గుడ్డు ఉంటుంది కదా, ఇంటికెళ్ళి అత్తయ్యగారి మొహం ఎలా చూడను? ఒక ముక్కని కాగితంలో చుట్టి బస్టాపు దాకా పట్టుకొచ్చాను. బస్సొచ్చేలోపల మూడుసార్లు విప్పి వాసన చూశాను. చివరికి చెత్తడబ్బాలో వేసి బస్సెక్కాను. ఇలాంటివి ఎన్నని చెప్పను. హోటలు ఎరగను, పిక్నిక్కు ఎరగను, ఒకరింట్లో కాఫీ ఎరగను. నా యవ్వనం అంతా ఒక పెద్దావిడ నిష్ఠకి ధారపోశానని నలభై ఎనిమిదేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. కాస్త గర్వంగానే అనుకున్నాను, అబద్ధమెందుకు.

ఆ ఇంట్లో వేడిగాలి గొట్టాలు కింద వాటాకీ పై వాటాకీ ఒకటే. శరత్తులో రోసా నేలమాళిగలో ద్రాక్షపళ్ళు తొక్కి పీపాల్లో పోసేది. ఆ పులుపు వాసన గొట్టాల్లోంచి మా దేవుడి గూటి దాకా వచ్చేది. అత్తయ్యగారు సాంబ్రాణి వేసేవారు, అది కిందకి పోయేది. టొమాటోలు ఉడికిస్తే మాకు తెలుస్తుంది, మేం పోపు పెడితే రోసా తుమ్ముతుంది. ఒక బుధవారం ఒంట్లో బాగాలేక పెందలాడే వచ్చి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే, కింద వాటాలో ఇద్దరు ఆడవాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. టీవీ కాబోలు అనుకున్నాను. పైకెళ్తే అత్తయ్యగారు లేరు. కాసేపటికి చేతిలో ఖాళీ బుట్టతో వచ్చి, నేలమాళిగలో బట్టలు ఆరేసి వస్తున్నానన్నారు.

ఆవిడకి బుధవారం ఒంటిపూట. శనివారం ఒంటిపూట విన్నాం, సోమవారం విన్నాం, ఏకాదశి సరే సరి. బుధవారం ఎక్కడా వినలేదు. "మా పుట్టింటి ఆనవాయితీ అమ్మాయ్, రాత్రికి నాకేం వద్దు" అనేవారు. పుట్టింటి ఆనవాయితీ అంటే మన వాళ్ళలో అది సుప్రీంకోర్టు తీర్పు, అప్పీలు లేదు. రెండో చలికాలంలో పుట్టింటి వంట కూడా ఒకటి మొదలైంది. తోలు మందంగా ఉండే పెద్ద నిమ్మకాయల్ని పైపైన చెక్కు తీసి, లోపలి తెల్లటి మెత్తని భాగం అలాగే ఉంచి, చక్రాలుగా కోసి, ఉప్పునీళ్ళలో నానేసేవారు. నీళ్ళు వంపి, ఎండుమిరపకాయ నలిపి, పుదీనా చేత్తో తుంచి వేసి, చిటికెడు పంచదార, చిటికెడు ఇంగువ, చివర పచ్చినూనె చుట్టూ తిప్పి పోసేవారు. పుదీనాకి కత్తి తగలకూడదు. కాయలు మా ఆయన ఎక్కడినుంచో తెచ్చేవారు. ఆ ముక్కల పచ్చడి, వేడన్నం నాకు ప్రాణం. బాపట్ల వెళ్ళినప్పుడు ఆవిడ వదినగారిని అడిగితే "నిమ్మకాయలో పుదీనా ఏమిటే, మనింటా వంటా లేదు" అన్నారు. పెద్దావిడకి మతిమరుపు వచ్చిందని జాలిపడ్డాను.

నాకు ఏడో నెల. మంచులో జారకుండా మెట్లు పట్టుకుని ఎక్కుతుంటే రోసా తలుపు తీసుకుని వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. ఆవిడకొచ్చిన ఇంగ్లీషు పిడికెడు. "వెడ్నస్‌డే, యువర్ మమ్మా ఈట్ విత్ మీ. యూ కమ్. బేబీ హంగ్రీ" అంది, నవ్వుతూ, పళ్ళెం నా చేతుల్లో పెట్టబోతూ. నాకు ఒళ్ళు మండిపోయింది. పచ్చి మంచినీళ్ళు కూడా పరాయింట ముట్టని మనిషి మీద ఎంత నింద! పళ్ళెం వెనక్కి నెట్టాను. అది పడలేదు గాని గుడ్డ జారి మంచులో పడింది. "యూ ఆర్ ఎ లయర్" అన్నాను. ఆ మాట మాత్రం స్పష్టంగా, మంచి ఇంగ్లీషులో అన్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, వంగి గుడ్డ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మా ఆయనతో ఇంక ఈ కొంపలో ఉండనని చెప్పేశాను. ఆయన చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి, సరే, వేరే ఇల్లు చూద్దాం అన్నారు. అత్తయ్యగారు మడిగిన్నెలు సర్దుకుంటూ "నీ ఇష్టం అమ్మాయ్" అన్నారు. నెల తిరక్కుండా ఊరికి దక్షిణాన ఇంకో ఇంటికి మారిపోయాం.

ఇవన్నీ నెమరేసుకుంటూనే భోజనానికి కూర్చున్నాను. సముద్రం మీదకి వేలాడుతున్నట్టుండే వసారా, పైన ద్రాక్షతీగ, పొడుగాటి బల్ల. కింద నీళ్ళలో పడవలు, ఎదురుగా కొండకి అతుక్కుని గులాబీరంగు ఇళ్ళు. మావాళ్ళు అప్పటికే సంతోషంగా ఉన్నారు. నేను రాగానే ఆ సంతోషం కాస్త సర్దుకుంది. రామిరెడ్డి గారు తన ఎండటోపీ తీసి బల్ల మీద ఏదో వస్తువు మీద బోర్లించారు. పద్మ తన గ్లాసు పూలకుండీ వెనక్కి జరిపింది. "జింజర్ ఏల్ భారతి గారూ, ఉత్త అల్లం సోడా" అందొకావిడ, నేను అడక్కుండానే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. నాకు నవ్వొచ్చింది, కాస్త తృప్తిగా కూడా అనిపించింది. పెద్దతనానికి ఇంకా విలువ ఉంది అనుకున్నాను.

టొమాటో పాస్తా వచ్చింది, కారప్పొడి సీసాలు బయటికి వచ్చాయి. అప్పుడు వడ్డించేవాడు ఒక వెడల్పాటి పళ్ళెం తెచ్చి నాకూ పక్కనున్న మా ఆయనకీ మధ్య పెట్టాడు. నిమ్మకాయ చక్రాలు. పైపైన చెక్కు తీసి, తెల్లభాగం ఉంచి. నలిపిన ఎండుమిరప, చేత్తో తుంచిన పుదీనా, చుట్టూ తిప్పి పోసిన నూనె. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఇంగువ లేదు, దాని బదులు వెల్లుల్లి. మిగతాదంతా మా వంటింట్లో, మా గిన్నెలో, మా అత్తయ్యగారి చేతిది. ఫోర్కు కింద పెట్టి పక్కకి తిరిగాను. మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అవసరం లేకపోయినా తుడుస్తున్నారు.

"ఏమండీ, ఇది అత్తయ్యగారి ముక్కల పచ్చడి కదూ?"

"ఊఁ."

"ఇది ఇక్కడెలా ఉంది?"

"ఇక్కడిదే కాబట్టి" అన్నారు ఆయన.

కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. బల్ల అటు చివర ఫొటోలు తీసుకుంటున్నారు, నవ్వుతున్నారు, మా మాటలు వాళ్ళకి వినపడటం లేదు. "రోసా నేర్పిందా?" అంటే తలూపారు. "అయితే ఆవిడ నాతో చెప్పింది నిజమేనా? అత్తయ్యగారు కింద తినేవారా?" అంటే మళ్ళీ తలూపి, మెల్లిగా చెప్పుకొచ్చారు. వచ్చిన మూడో నెల నుంచే వెళ్ళేవారట. ఆవిడకి ఇంగ్లీషు రాదు, రోసాకి వచ్చీరాదు, అదే వాళ్ళ స్నేహానికి పనికొచ్చిందట. చేప లేదు, మాంసం లేదు. అత్తయ్యగారి కోసం రోసా ఒక గిన్నె వేరే పెట్టి, దానికి ఎర్రదారం కట్టి మేకుకి తగిలించేదట, అందులో ఇంకేమీ వండేది కాదట.

"అంటే రోసా మడి కట్టుకుందా?" అన్నాను.

"అమ్మ కోసం. అమ్మ ఆవిడ కోసం ద్రాక్షసారా ఒక చిన్న గ్లాసు. నీళ్ళు కలుపుకుని."

సాలగ్రామానికి నైవేద్యం పెట్టే చేతిలో ద్రాక్షసారా గ్లాసు. కాసేపు ఆ చెయ్యీ ఆ గ్లాసూ ఒకచోటికి తేలేకపోయాను. "మరి ఇల్లు మారాక?" అన్నాను.

"బుధవారం మధ్యాహ్నం నాకు క్లాసులుండేవి కావుగా. నేనే తీసుకెళ్ళేవాణ్ణి."

"మోకాళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పేవారు."

"మోకాళ్ళకేం, అవి బానే ఉండేవి. ఇరవై ఏళ్ళు వెళ్ళింది భారతీ. అమ్మ పోయినప్పుడు ఫ్యూనరల్ హాల్లో చివరి వరసలో నల్లబట్టల ముసలావిడ కూర్చుంది, గుర్తుందా? నువ్వు వెళ్ళి, పక్క హాల్లో అనుకుంటానండీ మీవాళ్ళది, అని దారి చూపించావు."

గుర్తుంది. మర్యాదగానే చూపించాను. ఆవిడ లేచి, నా చెంప ఒకసారి నిమిరి, బయటికి వెళ్ళిపోయింది. వయసు మీదపడి మతి తప్పిందనుకున్నాను. ఇప్పుడు ఆ ఎండలో, ఆ నీలం ముందు కూర్చుని, నా చెంప మీద ఆ వేళ్ళు మళ్ళీ తగిలినట్టయి ఉలిక్కిపడ్డాను. బల్ల అటు చివర నుంచి రామిరెడ్డి గారు "ఏం భారతి గారూ, కారం ఎక్కువైందా" అని నీళ్ళ సీసా ఇటు పంపారు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను. కోపంగా అనాలనుకున్నాను, ఏడుపు గొంతుతో వచ్చింది.

ఆయన నావైపు తిరిగి కూర్చున్నారు. "అమ్మ ఒట్టు వేయించుకుంది. పెళ్ళిమాటలప్పుడు మీ నాన్నగారు నా జీతం అడగలేదు, మా ఇంటి ఆచారం అడిగారు. అమ్మ బెదిరిపోయింది. కోడలు సోమయాజుల ఇంటి పిల్లరా, ఈ చలిలో తలస్నానం చేసి గానీ వంటింట్లోకి రాదు, దాని ముందు నేను తేలిపోకూడదు అనేది. ఆ పట్టుబట్టా అదీ నీ కోసమే తెచ్చుకుంది. మా ఊళ్ళో ఎప్పుడు కట్టింది గనక."

"నేను ఆవిడ కోసం చేశానండీ తలస్నానం. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుండేవారు."

"తువ్వాలు పట్టుకుని నిలబడేది" అన్నారాయన. "జలుబు చేస్తుందని."

తువ్వాలు. నిజమే, ఆవిడ చేతిలో ఎప్పుడూ పొడి తువ్వాలు ఉండేది. నేను మొహం చూశాను గాని చేతులు చూడలేదు. కేకు సంగతి ఆయనకి అప్పుడు చెప్పాను, నలభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. బస్టాపు, మూడుసార్లు విప్పడం, అన్నీ. "అయ్యో, నాతో అంటే నేను తెచ్చేవాణ్ణిగా" అన్నారు పాపం. అప్పట్లో నాకు ఆ ఇల్లు ఒక పెద్దావిడ కట్టిన జైలు. ఇప్పుడు చూస్తే తాళంచెవి నా కొంగునే ఉంది, నన్ను చూసి భయపడుతూ వాళ్ళు కిందింట్లో నవ్వుకున్నారు. అత్తయ్యగారి నవ్వు నేను ఎదురుగా ఒక్కసారీ వినలేదు. టీవీ అనుకుని విన్నదే. మిల్టన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడల్లా వాళ్ళ ఫ్రిజ్, నేను వస్తున్నానని సర్దేసినట్టు, అంత ఖాళీగా, అంత శుభ్రంగా ఎందుకుంటుందో కూడా అప్పుడే తట్టింది. అది తట్టాక ఇంక కూర్చోలేకపోయాను.

లేచి బల్ల అటు చివరికి వెళ్ళాను. పద్మ కుండీకి అడ్డంగా జరిగింది.

"రామిరెడ్డి గారూ, ఆ టోపీ తియ్యండి" అన్నాను.

ఆయన పద్మ వైపు చూశారు. తీశారు. కింద చిన్న గ్లాసులో నిమ్మతొక్కల సారా, పచ్చగా మెరుస్తోంది. "గది... భోజనం అరుగుతదంటే, ఊరికే, రుచికి" అన్నారు.

"నాకూ ఒకటి చెప్పండి. నీళ్ళు కలపమనండి."

గ్లాసు వచ్చింది. తియ్యగా ఉంది, మండుతూ ఉంది, వాసన మాత్రం మా ఎడ్మంటన్ వంటింటిది. రెండు గుక్కలు తాగి మా ఆయన్ని చూశాను. ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంటున్నారు, ఈసారి అవసరమే ఉంది. ఆ పళ్ళెం ఇంకొకటి తెప్పించి, అడుగున నూనె కూడా మిగలకుండా తిన్నాను.

హోటలుకి తిరిగొచ్చాక సాయంత్రం అందరూ పెరుగన్నానికి చేరారు. పద్మ నాకు కూడా వడ్డించబోతే వద్దన్నాను. ఒంట్లో బాగాలేదా భారతి గారూ అని అడిగింది. బాగానే ఉంది, బుధవారాలు నాకు ఒంటిపూట అన్నాను.

"బుధవారం ఒంటిపూటా? ఎప్పుడూ వినలేదే" అంది.

"మా అత్తయ్యగారి పుట్టింటి ఆనవాయితీ" అన్నాను.